గండభేరుండానికి లేని కష్టం గుడ్లగూబకు ఎందుకు?

బెంగళూరులో కేఎస్ఆర్టీసీ బస్సు ఎక్కినా, ప్రభుత్వ ఆఫీసు నుంచి ఒక కాగితం చేతికొచ్చినా రెండు తలల పక్షి కనిపిస్తుంది. కర్ణాటక రాజముద్ర మధ్యలో, ఎర్రటి డాలు మీద ఉండే గండభేరుండం అది. ఈ రాష్ట్రానికి అధికారిక పక్షి మాత్రం వేరే ఉంది. అది మన పాలపిట్టే, ఇక్కడ నీలకంఠ అంటారు. పాలపిట్టను చూడాలంటే ఊరు దాటి హెసరఘట్ట గడ్డిమైదానాల వైపు వెళ్తే చాలు, కరెంటు తీగ మీద కూర్చుని కనిపిస్తుంది. గండభేరుండాన్ని మాత్రం ఎవరూ చూడలేదు. మనుషులు ఊహించి, రాతిలో చెక్కి, నాణేల మీద ముద్రించి, కథల్లో ఎగరేసిన పక్షి అది.

ఈ నగరంలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఊహలో పుట్టిన పక్షి ఇంకొకటి కూడా బాగా తెలుసు. దానికి రాజముద్ర లేదు, గుడి గోడ మీద శిల్పమూ లేదు. అనంతపురం నుంచో, చిత్తూరు నుంచో, కడప నుంచో వచ్చినప్పుడు పెద్దవాళ్ళ మాటల్లో కలిసి వచ్చేసింది. దాని పేరు చావుపిట్ట. అది రాత్రిపూట ఇంటి మీద అరిస్తే ఎవరో పోతారట. ఇంట్లో దూరితే ఆ ఇల్లు నిలవదట. నిండు నెలల మనిషి దాని గొంతు వినకూడదట.

నేను చెప్పదలచుకున్నది ఇదీ. గండభేరుండం ఎంత కల్పితమో చావుపిట్ట కూడా అంతే కల్పితం. కాకపోతే గండభేరుండంలో ఉన్నదంతా కల్పనే. చావుపిట్టలో సగం కల్పన, మిగతా సగం నెత్తురూ ఈకలూ ఉన్న గుడ్లగూబ. మనం ఊహకు భయపడి విసిరిన రాయి వెళ్ళి ఆ ప్రాణమున్న సగానికి తగులుతోంది. ఈ రెండు సగాలనూ విడదీసి చూస్తే తప్ప గుడ్లగూబ కష్టం అర్థం కాదు.

ఎవరికీ హాని చేయని పక్షి

ముందు గండభేరుండం సంగతి చూద్దాం. రెండు తలల పక్షిని ఊహించుకున్నది మనవాళ్ళు ఒక్కరే కాదు. ఇప్పటి టర్కీ ప్రాంతంలో మూడువేల ఏళ్ళకు పైగా పాతవైన హిట్టైటుల శిల్పాల్లో రెండు తలల గద్ద ఉంది. బైజాంటియం నుంచి రష్యా, సెర్బియా, అల్బేనియా దాకా రాజచిహ్నాల్లోకి అదే ఎక్కింది. మన ఉపఖండంలో తక్షశిల దగ్గరి సిర్కప్ శిథిలాల్లో ఒక స్తూప పీఠం మీద రెండు తలల గద్ద కనిపిస్తుంది. పంచతంత్రంలో ఒక భారుండ పక్షి ఉంది. దానికి కడుపు ఒకటే, తలలు రెండు. ఒక తలకు తీయటి పండు దొరికింది, రెండో తలకు పెట్టలేదు. అలిగిన రెండో తల విషపు కాయ మింగింది. కడుపు ఒకటే కాబట్టి రెండూ పోయాయి.

కర్ణాటకలో ఈ పక్షికి రాతి రూపం వచ్చి వెయ్యేళ్ళు కావస్తోంది. శివమొగ్గ జిల్లా బళ్ళిగావిలో 1047లో నిలబెట్టిన స్తంభం మీద గండభేరుండం మనిషి ఒంటితో, రెండు పక్షి తలలతో ఉంటుంది. విజయనగర కాలానికి వచ్చేసరికి అది పూర్తి పక్షిగా మారింది. అచ్యుతదేవరాయల బంగారు నాణేల మీద ముక్కులతోనూ కాళ్ళతోనూ ఏనుగుల్ని ఎత్తుకుపోతూ కనిపిస్తుంది. ఆ తర్వాత మైసూరు ఒడెయర్లు తమ చిహ్నంగా పెట్టుకున్నారు. వాళ్ళ దగ్గరి నుంచి అది రాష్ట్ర ప్రభుత్వానికి వచ్చింది.

దీనికి ఒక పురాణ కథ కూడా ఉంది. హిరణ్యకశిపుణ్ణి చంపాక నరసింహుడి ఉగ్రం తగ్గకపోతే శివుడు సింహమూ పక్షీ కలిసిన శరభ రూపంలో వచ్చి శాంతింపజేశాడని శైవులు చెప్పారు. ఆ శరభాన్ని మించిన గండభేరుండంగా విష్ణువు మారాడని వైష్ణవులు చెప్పారు. రెండు భక్తుల వర్గాలు ఎవరి దేవుడు గొప్పో తేల్చుకునే పోటీలో ఒక కొత్త పక్షి పుట్టిందన్నమాట. మన జానపద కథల్లో మాత్రం దానికి ఇంత గొడవ లేదు. ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు మీద గూడు కట్టుకుని, పిల్లల్ని పాము నుంచి కాపాడిన రాజకుమారుణ్ణి వీపు మీద ఎక్కించుకుని తీసుకెళ్ళే మంచి పక్షి అది.

అలాంటి పక్షి ఉండే వీలు ఉందా అంటే, లేదు. ఎగరగలిగే పక్షుల్లో బాగా బరువైన వాటిలో ఒకటి మన పాత కర్నూలు జిల్లా, ఇప్పటి నంద్యాల జిల్లా రోళ్ళపాడు గడ్డిభూములకు పేరు తెచ్చిన బట్టమేక. దాని బరువు సుమారు 15 కిలోలు. అప్పుడే పుట్టిన ఏనుగు పిల్ల దాదాపు 100 కిలోలు ఉంటుంది. నాలుగు ఏనుగుల్ని ఎత్తుకుపోయే పక్షి లేదని ఆ నాణెం అచ్చు చెక్కిన కంసాలికి తెలియక కాదు. రాజు బలం చూపించడానికి అతనికి ఏనుగుకన్నా పెద్ద కొలమానం దొరకలేదు.

గండభేరుండం లాకెట్ మెడలో ఉంటే గండాలు పోతాయని నమ్మేవాళ్ళు ఇవాళ్టికీ ఉన్నారు. నమ్మనివ్వండి. ఆ నమ్మకం కోసం ఏ చెట్టు తొర్రలోనూ చెయ్యి పెట్టాల్సిన పని లేదు. ఏ పక్షి గోళ్ళూ పీకాల్సిన పని లేదు. పూర్తిగా కల్పితమైన పక్షికి ఉన్న అదృష్టం అదే. పట్టుకుందామంటే అది దొరకదు.

చావుపిట్ట ఎలా తయారైంది

చావుపిట్ట ఎలా ఉంటుందని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళను విడివిడిగా అడిగి చూడండి. ఒకరు తెల్లటి ముఖం, మనిషిలా ఉంటుంది అంటారు. ఇంకొకరు కొమ్ములుంటాయి, కళ్ళు నిప్పుకణాల్లా ఉంటాయి అంటారు. మూడో మనిషి అసలు దాన్ని చూడలేదు, గొంతు మాత్రం విన్నారు, అది ఆకాశంలో ఎగురుతూ అరుస్తుంది అంటారు. నాలుగో మనిషి గుప్పెడంత ఉంటుందని చెప్తారు. వీళ్ళెవరూ అబద్ధం చెప్పడం లేదు. వేర్వేరు పక్షులను చూశారు, విన్నారు. చీకట్లో అవన్నీ కలిసి ఒకటైపోయాయి.

తెల్లటి ముఖం ఉన్నది ఇంగ్లీషులో బార్న్ ఔల్ అనే గూబ. తమలపాకు ఆకారంలో తెల్లటి ముఖం, నల్లటి కళ్ళు, బంగారు రంగు వీపు. అడుగు పొడవుకు కాస్త ఎక్కువగా ఉంటుంది. మనుషుల కట్టడాల్లో గూడు పెట్టడం దీనికి బాగా అలవాటు. చావుపిట్ట అనే పేరు ఎక్కువగా దీని మీదే పడింది. చీకట్లో తెల్లగా, చప్పుడు లేకుండా తల పక్క నుంచి ఏదో వెళ్ళిందంటే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది, అందులో తప్పేమీ లేదు. ఆ నిశ్శబ్దం వెనక ఉన్నది రెక్కల నిర్మాణం. రెక్క ముందంచున దువ్వెన పళ్ళలాంటి సన్నటి కుచ్చు ఉంటుంది, ఈకల మీద మెత్తటి నూగు ఉంటుంది. గాలి చీలే చప్పుడును ఇవి మింగేస్తాయి. తెల్లటి ముఖం పళ్ళెం లాగా శబ్దాన్ని పోగుచేసి చెవులకు అందిస్తుంది. ఒక చెవి రంధ్రం కాస్త పైకి, ఇంకొకటి కాస్త కిందికి ఉంటాయి కాబట్టి శబ్దం ఏ ఎత్తు నుంచి వస్తోందో కూడా దానికి తెలుస్తుంది. చిమ్మచీకట్లో, కంటికి ఏమీ ఆనకపోయినా, చెవి ఒక్కదానితోనే ఎలుకను పట్టగలదు.

ఇది పెద్ద గుడ్లగూబలా గంభీరంగా కూయదు. గీరుతున్నట్టు కీచుమని అరుస్తుంది. పిల్లలైతే ఆకలేసినప్పుడు పాము బుసకొట్టినట్టు బుసకొడతాయి. రాత్రి రెండు గంటలకు బాత్రూమ్ వెంటిలేటర్ లోంచి ఆ బుస వినపడితే నిద్ర పట్టదు. 2017లో విశాఖపట్నంలో ఒక భవనంలో కనిపించిన దీని పిల్లల వీడియో దేశమంతా తిరిగింది. ఈకలు పూర్తిగా రాని, నిటారుగా నిలబడి చూస్తున్న ఆ పసికూనలను జనం గ్రహాంతరవాసులనుకున్నారు. గూబ పిల్లలను ఎప్పుడూ చూడని కళ్ళకు అవి అలాగే కనిపిస్తాయి.

ఇక కొమ్ములు, నిప్పుకణాల కళ్ళు ఎవరివంటే, కొండల్లో ఉండే పెద్ద గుడ్లగూబవి. రామనగర, సావనదుర్గ లాంటి బండరాళ్ళ కొండల్లో, మన అనంతపురం గుట్టల్లో ఉంటుంది. కొమ్ములనుకునేవి నిజానికి ఈకల కుచ్చులే, చెవులతో కూడా వాటికి సంబంధం లేదు. దాని కళ్ళు గుండ్రటి బంతుల్లా కాకుండా గొట్టాల్లా ఉండి గుంటల్లో బిగుసుకుని ఉంటాయి. కన్ను తిప్పలేదు కాబట్టి తలే తిప్పాలి. మనకు మెడలో ఏడు ఎముకలుంటే గూబలకు పద్నాలుగు. అందుకే తలను 270 డిగ్రీల దాకా తిప్పగలవు. దయ్యం పట్టినట్టు తల వెనక్కి తిప్పింది అని భయపడేది దీన్ని చూసే. ఈ పక్షి మీద మన దేశంలో ఒక ఘోరమైన నమ్మకం ఉంది. దీన్ని పట్టి, పస్తు పెట్టి, కొడితే మనిషి గొంతుతో మాట్లాడి జరగబోయేది చెప్తుందట. ఆ మాట రాస్తుంటేనే బాధగా ఉంది.

ఆకాశంలో ఎగురుతూ అరిచేది అసలు గూబే కాదు. అది తీతువు. పొడవాటి పసుప్పచ్చ కాళ్ళు, కంటి దగ్గర ఎర్రటి తోలు ఉండే, చెరువు గట్ల మీదా బీడు నేలల్లోనూ తిరిగే పక్షి. నేల మీదే, రాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది. కుక్క వచ్చినా, మనిషి నడిచినా, బండి లైటు పడినా లేచి చుట్టూ తిరుగుతూ గట్టిగా అరుస్తుంది. రాత్రిపూట కూడా మేలుకుని ఉంటుంది. తన గుడ్లను కాపాడుకోవడానికి అది పెట్టే గగ్గోలును మనం చావు కబురు అనుకున్నాం. తీతువు పిట్ట కూసిందంటే చాలు, ఊళ్ళో ఎవరికో మూడిందని వణికే తరం ఇంకా మన మధ్యే ఉంది. బెంగళూరు శివార్లలో ఇళ్ళు పడని ఖాళీ సైట్లలో, చెరువుల ఒడ్డున ఇవి బాగానే ఉన్నాయి. సైట్ లో పునాది తవ్వే రోజుల్లో ఇవి మరీ ఎక్కువగా అరుస్తాయి. ఎందుకో ఇప్పుడు చెప్పక్కర్లేదు.

గుప్పెడంత ఉండేది పైడికంటె. జానెడు పొడవుండే చిన్న గూబ, గోధుమరంగు మీద తెల్ల చుక్కలు. లాల్‌బాగ్ లో పాత చెట్ల తొర్రల దగ్గర పట్టపగలే జంటగా కూర్చుని ఉంటాయి. సాయంత్రమయ్యేసరికి రెండూ గొడవపడుతున్నట్టు గడగడా అరుస్తాయి.

ఇలా నాలుగు పక్షులు. ఒకదాని ముఖం, ఒకదాని కొమ్ములు, ఒకదాని గొంతు, ఒకదాని ఇంటి చుట్టూ తిరిగే అలవాటు. ఇవన్నీ అతికిస్తే వచ్చింది చావుపిట్ట. గండభేరుండానికి రెండు తలలే, దీనికి నాలుగు.

నమ్మకం నిజమైనట్టు ఎందుకు అనిపిస్తుంది

ఇక్కడ పెద్దవాళ్ళను వెక్కిరించడం నాకు ఇష్టం లేదు. తరతరాలుగా వాళ్ళు చూసింది చూసినట్టే చెప్పారు. గూబ అరిచింది, మనిషి పోయాడు, రెండూ నిజంగానే జరిగాయి. వాటి మధ్య ముడి వేసిన చోటే చిక్కంతా ఉంది.

కరెంటు లేని ఊళ్ళను ఒకసారి తలుచుకోండి. ఎనిమిదింటికల్లా దీపాలు ఆరిపోయేవి. రాత్రంతా దీపం వెలిగేది ఎవరింట్లో? మంచాన పడ్డ మనిషి ఉన్న ఇంట్లో. దీపానికి పురుగులు వస్తాయి. పురుగుల కోసం పైడికంటె వస్తుంది. దాని తిండిలో పురుగులే ఎక్కువ. ఆ ఇంట్లో వాళ్ళు నిద్రపోకుండా కూర్చున్నారు కాబట్టి దాని అరుపు వాళ్ళకు వినపడుతుంది. తెల్లారి జరగరానిది జరిగితే ఆ అరుపు జీవితాంతం గుర్తుండిపోతుంది. ఎవరికీ ఏమీ కాని వందల రాత్రుల్లో కూడా అది అరిచే ఉంటుంది. ఆ రాత్రులను ఎవరు గుర్తుపెట్టుకుంటారు? కాకి వాలిందీ తాటిపండు పడిందీ అని మనవాళ్ళే ఎప్పుడో చెప్పుకున్న సంగతే ఇది.

ఇల్లు పాడవడం గురించిన నమ్మకంలో వరుస తిరగబడింది. తెల్ల ముఖం గూబకు కావలసింది మనిషి అలికిడి లేని, ఎత్తైన, చీకటి మూల. తాళం పడ్డ పాత ఇల్లు, కూలిపోతున్న బురుజు, పూజలు ఆగిన గుడి గోపురం, ఊరి చివర శ్మశానం పక్కన ముసలి చింతచెట్టు, ఇవన్నీ దానికి సరిపోయే చోట్లు. ఇల్లు పాడైంది కాబట్టి గూబ వచ్చింది. గూబ వచ్చింది కాబట్టి ఇల్లు పాడైందని మనం తిప్పి చదివాం. కొన్ని కుటుంబాల్లో గూబ లోపలికి వస్తే శాంతి చేయించేదాకా ఇల్లు వదిలి వెళ్ళిపోయేవాళ్ళు. వదిలేసిన ఇంట్లోకి ఇంకో గూబ వచ్చేది. నమ్మకమే తనకు కావలసిన సాక్ష్యాన్ని తయారుచేసుకునేది.

ఒక డక్ట్, మూడు జాతకాలు

బెంగళూరు ఈ కథలో ఒక కొత్త మలుపు. మారతహళ్ళి, బెళ్ళందూరు, వైట్‌ఫీల్డ్ వైపు లేచిన అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ పైపుల కోసం వదిలే నిలువు డక్ట్ ఉంటుంది. ఎత్తు ఉంది, చీకటి ఉంది, లోపలికి మనుషులు రారు. కింద చెత్త దగ్గర కావలసినన్ని ఎలుకలు. తెల్ల ముఖం గూబకు పాడుబడ్డ కోటకంటే మంచి ఇల్లు దొరికింది. ఈసారి అది వచ్చింది శిథిలంలోకి కాదు, కోటిన్నర పెట్టి కొన్న కొత్త ఫ్లాట్ గోడ పక్కకు.

మా బిల్డింగ్ డక్ట్ లో ఒక జంట దిగినప్పుడు మూడో అంతస్తులోని తెలుగువాళ్ళ ఇంట్లో పెద్దావిడ కొడుకుతో, "ఒరేయ్ నాయనా, కోడలికి ఎనిమిదో నెల. ఆ పీడ పిట్టను ముందు తరిమించు. నీకు దణ్ణం పెడతాను" అంది. ఆమె గొంతులో ఉన్నది నిజమైన భయం. ఎదురు ఫ్లాట్ బెంగాలీ ఆవిడ అదే గూబను చూసి రెండు చేతులూ జోడించింది. బెంగాల్ లో ఈ తెల్ల గూబ లక్ష్మీదేవి వాహనం. లక్ష్మీ పేంచా అంటారు, ఇంటికి వస్తే సిరి వస్తుందని సంతోషిస్తారు. వాచ్‌మన్ ఉత్తర కర్ణాటక మనిషి. అతని దగ్గర ఇంకో లెక్క ఉంది. మన బుడబుక్కలవాళ్ళ లాంటి బుడుబుడికె వాళ్ళు అక్కడ తెల్లవారుజామున డమరుకం మోగిస్తూ, హాలక్కి నుడితైతె, శుభ నుడితైతె (హాలక్కి పలుకుతోంది, శుభం పలుకుతోంది) అని పాడుతూ వస్తారు. హాలక్కి అంటే చాలామంది చెప్పేది చిన్న గూబనే. అది పలికిన తీరును బట్టి మంచీ చెడూ రెండూ ఉంటాయి. కాబట్టి ముందు అది ఎలా పలికిందో చెప్పండి అన్నాడు.

ఒకే జంట, ఒకే డక్ట్. ఒక తలుపు వెనక చావు, ఎదురు తలుపు వెనక లక్ష్మి, కింద గేటు దగ్గర పలుకును బట్టి తేలే జాతకం. ఆ పక్షి నిజంగా భవిష్యత్తు మోసుకొచ్చేదైతే ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నవాళ్ళకు ఇంత తేడాగా ఎందుకు వినిపిస్తుంది? అది మోసుకొస్తున్నది ఎలుక. ఒక్కో రాత్రి రెండు మూడు ఎలుకలు, పిల్లలున్నప్పుడు ఇంకా ఎక్కువ. వాటిని గుటుక్కున మింగి, అరగని ఎముకలనూ బొచ్చునూ ఉండలుగా కక్కేస్తుంది. ఆ ఉండలను విప్పి చూస్తే ఎన్ని ఎలుకలను తిన్నదో పుర్రెలతో సహా లెక్కపెట్టవచ్చు. మలేషియాలో పామాయిల్ తోటల రైతులు ఎలుకల బెడద తగ్గించుకోవడానికి ఇదే గూబకు చెక్కపెట్టెలు కట్టి మరీ పిలుచుకుంటున్నారు.

మంచి శకునం చేసే చెడు

గూబను లక్ష్మి అనుకుంటే దానికి మేలే కదా అనిపిస్తుంది. దీపావళి వచ్చేసరికి ఆ ఆశ పోతుంది. లక్ష్మీ వాహనాన్ని అమావాస్య రాత్రి బలిస్తే లక్ష్మి ఇక ఇల్లు వదిలి వెళ్ళదని చెప్పే తాంత్రికులు ఉన్నారు. గోళ్ళు, పుర్రె, ఈకలు, ఎముకలు, మాంసం, నెత్తురు, ఒక్కోదానికి ఒక్కో ధర. వన్యప్రాణుల వ్యాపారంపై నిఘా పెట్టే ట్రాఫిక్ సంస్థ 2010లో ఈ విషయంపై ఒక నివేదిక ఇచ్చింది. మన దేశంలో నమోదైన 30 గూబ జాతుల్లో 15 అక్రమ అమ్మకాల్లో కనిపించాయని అందులో ఉంది. అంటే సగం. దీపావళి దగ్గరపడే కొద్దీ ఈ వ్యాపారం పెరుగుతుంది. అపశకునం అనుకున్నవాళ్ళు తరిమి కొడతారు. శుభం అనుకున్నవాళ్ళు కొని చంపుతారు. ఏ వైపు నుంచి చూసినా గూబకు దారి లేదు.

మన పాలపిట్ట సంగతీ ఇంతే. దసరా నాడు దాన్ని చూస్తే విజయం అని మన నమ్మకం. పొలం గట్టు మీద నడుస్తూ తీగ మీది పాలపిట్టకు దణ్ణం పెట్టుకున్న రోజుల్లో ఆ నమ్మకం ఎంత అందంగా ఉండేదో. ఊళ్ళు నగరాలయ్యాయి, పాలపిట్ట దూరమైంది, నమ్మకం మాత్రం దగ్గరే ఉండిపోయింది. ఆ ఖాళీలోకి వేటగాడు వచ్చాడు. పండగకు ముందే వలవేసి పట్టి, రెక్కలు కట్టి, చిన్న పంజరంలో పెట్టి హైదరాబాద్ లాంటి చోట్ల ఇంటింటికీ తిప్పి డబ్బులు అడుగుతారు. కూర్చున్న పాలపిట్ట చాలావరకు మట్టిరంగులోనే ఉంటుంది. ఆ నీలం మెరిసేది రెక్క విప్పి ఎగిరినప్పుడు. పంజరంలో చూసేవాళ్ళు ఏ దృశ్యం కోసం డబ్బులిస్తున్నారో అది వాళ్ళకు దక్కదు. తిండి లేక, నలిగి, వీటిలో చాలా పక్షులు చనిపోతాయి. అసలే ఇది తగ్గిపోతున్న జాతి. 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక దీని సంఖ్య గత పుష్కరకాలంలో 30 శాతం దాకా పడిపోయిందని చెప్పి, అంతర్జాతీయ స్థాయిలో దీని పరిస్థితిని మళ్ళీ అంచనా వేయాలని కోరింది. తెలంగాణకూ కర్ణాటకకూ కూడా ఇదే రాష్ట్ర పక్షి.

అందుకే శకునాలను మంచివీ చెడ్డవీ అని విడదీయడం పక్షి వైపు నుంచి చూస్తే అర్థం లేని పని. దాని ప్రాణానికి ముప్పు వచ్చేది మన జాతకాన్ని దాని ఒంటికి తగిలించినప్పుడు. ఆ జాతకం బాగున్నా బాగోలేకపోయినా అంతే.

చట్టం, ఆ పైన మనం

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గూబలన్నీ రక్షిత జాతులే. పట్టడం, చంపడం, అమ్మడం, కొనడం, గోరు దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. 2022 సవరణ తర్వాత మామూలు కేసుల్లో మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. చట్టంలో ఎక్కువ రక్షణ ఉన్న జాతుల జాబితా, అంటే మొదటి షెడ్యూలులో ఉన్న జాతి విషయంలో మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు. మన దేశపు పక్షులను అమ్మడం 1990ల మొదట్లోనే పూర్తిగా నిషేధించారు. చిలక జోస్యం కోసం రామచిలుకను పంజరంలో పెట్టడం కూడా దీని కిందికే వస్తుంది. కర్ణాటక 2017లో మూఢాచారాలకూ చేతబడికీ వ్యతిరేకంగా ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది, 2020 నుంచి అది అమల్లో ఉంది. దాని దృష్టి మనుషులకు జరిగే హాని మీద. పక్షికి అండ వన్యప్రాణి చట్టమే.

చట్టం వేటగాణ్ణి పట్టుకోగలదు. ఎనిమిదో నెల కోడలి కోసం వణుకుతున్న అత్తగారికి చట్టం చూపించి ప్రయోజనం లేదు. ఆమెకు కేసు పెడతారట అని చెప్తే భయం రెండింతలవుతుంది. మా బిల్డింగ్ లో పని చేసింది ఒక ఫోన్. ఒక కుర్రాడు పైఅంతస్తు కిటికీ నుంచి, వెలుతురు వేయకుండా, పిల్లలకు తల్లి ఎలుక తెచ్చి పెట్టడం వీడియో తీసి ఆమెకు చూపించాడు. నాలుగు పిల్లలు, ఒక్కోటి ఒక్కో సైజు. గుడ్లు రెండు మూడు రోజుల తేడాతో పెడుతుంది, మొదటి గుడ్డు నుంచే పొదుగుతుంది కాబట్టి అన్నీ ఒకేసారి బయటికి రావు. పెద్దది తల్లి ముక్కు మీద పడుతోంది, చిన్నది వెనక నిలబడి బుసకొడుతోంది. ఆమె చాలాసేపు చూసి, "చిన్నదానికి పెట్టడం లేదేమే అది" అంది. ఆమె నమ్మకం ఆ రోజుతో పోయిందని నేను అనను. తరిమించమని మాత్రం మళ్ళీ అడగలేదు.

మీ డక్ట్ లోనూ గూబ ఉంటే తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. గుడ్డు పొదగడానికి సుమారు 30 రోజులు, పిల్ల ఎగరడానికి ఇంకో ఎనిమిది తొమ్మిది వారాలు పడుతుంది. అంటే మొత్తం మూడు నెలల ఓపిక. ఈలోగా వల బిగిస్తే తల్లి బయట, పిల్లలు లోపల ఉండిపోయి ఆకలితో చనిపోతాయి. డక్ట్ శుభ్రం చేయించాలన్నా, వల కట్టాలన్నా పిల్లలు వెళ్ళాకే చేయించండి. కింద బేస్‌మెంట్ లో ఎలుకల మందు పెట్టడం ఆపించండి, ఆ మందు తిన్న ఎలుకను తిన్న గూబకూ అదే గతి పడుతుంది. పిల్ల కింద పడితే పాలూ నీళ్ళూ నోట్లో పోయకండి. గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో, చీకటిగా, చప్పుడు లేని చోట ఉంచి కర్ణాటక అటవీ శాఖ సహాయవాణి 1926కు ఫోన్ చేయండి. కెంగేరి వైపు పీపుల్ ఫర్ యానిమల్స్ వాళ్ళ వన్యప్రాణి ఆసుపత్రి ఉంది, అక్కడా చూస్తారు. దెబ్బ తగలని పిల్ల అయితే వీలైనంత త్వరగా దాని గూటికి చేర్చడమే మంచిది. మనిషి చెయ్యి పడిందని తల్లి వదిలేస్తుందన్న మాటలో నిజం లేదు. చీకటి పడ్డాక వచ్చి మళ్ళీ తిండి పెడుతుంది.